తొమ్మిది ప్రోటాన్లు, తొమ్మిది న్యూట్రాన్లు

(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కోయంబత్తూరులో తమిళ మాధ్యమంలో చదువుకున్నవాణ్ణి. నా తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించండి.

పోయిన ఏడాది ఇదే సభలో ఒక తల్లి నన్ను అడిగారు: "మా అమ్మాయికి బి.ఎస్సి. ఫిజిక్స్‌లో సీటు వచ్చిందండీ. అందరూ ఇంజనీరింగ్ అంటున్నారు. ఇది చదివి ఏం చేస్తుంది?" ముప్పై ఏళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పిన నేను ఆరోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. కొద్ది నెలలకు నా భార్యకు క్యాన్సరేమోనని అనుమానం వచ్చి, పెట్ స్కాన్ తీయించాం. జవాబు నాకు ఆ ఆస్పత్రి వరండాలో తట్టింది.

ఈ స్కాన్‌కు ముందు చక్కెర లాంటి ఒక మందును నరంలోకి ఎక్కిస్తారు. అందులో ఫ్లోరిన్-18 ఉంటుంది. సుమారు 110 నిమిషాల్లో అది సగానికి తరిగిపోతుంది. తరిగేటప్పుడు వెలువడే పాజిట్రాన్, ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి రెండు గామా కిరణాలుగా మారుతుంది. ఆ కిరణాలను పట్టుకొని, ఒంట్లో చక్కెర ఎక్కడ ఎక్కువగా చేరిందో యంత్రం చూపిస్తుంది.

ఫ్లోరిన్-18 కేంద్రకంలో 9 ప్రోటాన్లు, 9 న్యూట్రాన్లు ఉంటాయి. సరిసమానం. ఈ సమానత్వంలో ఒక విశేషం ఉంది.

మామూలుగా కేంద్రకంలో ప్రోటాన్ ప్రోటాన్‌తో, న్యూట్రాన్ న్యూట్రాన్‌తో జత కడుతుంది. జతలో రెండింటి స్పిన్‌లు ఎదురెదురుగా ఉండి, మొత్తం సున్నా అవుతుంది. ఆక్సిజన్-18 ఇలాంటిదే. 8 ప్రోటాన్లు, 8 న్యూట్రాన్లతో నిండిన కర్పరాలు, వాటిపైన రెండు న్యూట్రాన్లు. కేంద్రకం స్పిన్ సున్నా. ఫ్లోరిన్-18లో అవే కర్పరాలపైన ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ ఉంటాయి. ఇక్కడ స్పిన్ సున్నా కాదు, 1. స్పిన్ సున్నాగా ఉండే జత స్థితి దానికంటే సుమారు 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు పైన ఉంది. డ్యూటెరాన్‌లోనూ ఇంతే. ప్రోటాన్, న్యూట్రాన్ స్పిన్ 1తో కలిసి నిలుస్తాయి. రెండు ప్రోటాన్లు గానీ, రెండు న్యూట్రాన్లు గానీ విడిగా అలా నిలవలేవు.

మరి బరువైన కేంద్రకాల్లోనూ ఈ జత ఉంటుందా? ఇది నేటికీ పూర్తిగా తేలని ప్రశ్న. స్థిరంగా ఉండే సమసంఖ్యా కేంద్రకాల్లో చివరిది కాల్షియం-40. ఆపైన న్యూట్రాన్లు ఎక్కువవుతాయి, ప్రోటాన్ల కక్ష్యలు వేరు, న్యూట్రాన్ల కక్ష్యలు వేరు అవుతాయి. కాబట్టి సమసంఖ్యా కేంద్రకాలను ప్రయోగశాలలోనే తయారు చేయాలి. ఫ్రాన్స్‌లోని గానిల్ కేంద్రంలో ఆర్గాన్-36ను నికెల్-58తో ఢీకొట్టించారు. పిల్లలూ, మీరే కూడండి. 18, 28 కలిపితే 46 ప్రోటాన్లు. 18, 30 కలిపితే 48 న్యూట్రాన్లు. చాలా అరుదుగా రెండు న్యూట్రాన్లు మాత్రమే బయటికి పోయి, 46కు 46 ఉన్న పల్లాడియం-92 మిగులుతుంది. దాని గామా కిరణాలను కొలిచి 2011లో ఫలితం ప్రచురించారు. ప్రోటాన్-న్యూట్రాన్ జతలు ఒకే దిక్కుకు తిరిగి ఉండడమే ఆ శక్తిస్థాయిల అమరికకు కారణమని వారు వివరించారు. ఆ జత లేకుండానే వివరించవచ్చని మరికొందరు వాదించారు.

అక్కడ కేంద్రకాన్ని చదివేదీ, ఆస్పత్రిలో నా భార్యను పరీక్షించిందీ గామా కిరణాలను లెక్కించే విద్యే. ఈ విద్య మన దేశంలోనూ ఉంది. ముంబై, ఢిల్లీ, కోల్‌కతాల యాక్సిలరేటర్ కేంద్రాల్లో మన విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఇలాంటి ప్రయోగాలు చేస్తున్నారు.

తల్లిదండ్రులకు ఒక్క మాట నిజాయితీగా చెబుతాను. ఈ దారిలో జీతం ఆలస్యంగా వస్తుంది. ఎం.ఎస్సి., ఆపైన పరిశోధన, ఇంట్లో ఓపిక కావాలి. కానీ ఇది పనికిరాని చదువు మాత్రం కాదు.

నా భార్య రిపోర్టు బాగానే వచ్చింది. ఆ అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరిందని తరవాత తెలిసింది. అక్కడ బాగా చదువుకోవాలని ఆశీర్వదిస్తున్నాను. కానీ ఆరోజు నేను ఈ జవాబు చెప్పి ఉంటే, ఆమె తనకు ఇష్టమైనదే ఎంచుకునేదేమో. ఈ ఏడాది అదే ప్రశ్నతో వచ్చినవారు ఎవరైనా ఉంటే, సభ అయ్యాక దయచేసి నన్ను కలవండి. నేను ఇక్కడే ఉంటాను.