వేసవిలో కోళ్ళకు మూలికల మేత – మేలెంత, మితమెంత?

(మన సంఘం సభ్యుల సమావేశంలో పశుసంవర్ధక శాఖ విశ్రాంత వైద్యులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో అందిస్తున్నాము.)



రేవులోను, ఉక్కు కర్మాగారంలోను జీవితమంతా పనిచేసి వచ్చిన మీ ముందు కోళ్ళ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. కారణం కూడా ఆయనే చెప్పారు. మన సభ్యులలో కొందరు రిటైరయినప్పుడు వచ్చిన సొమ్ములో కొంత ఆనందపురం, సబ్బవరం, అనకాపల్లి వైపు కోళ్ళఫారాలలో పెట్టారు. కొందరి పిల్లలకు అదే జీవనాధారం. మార్చి నెల రాగానే మూలికల మందు డబ్బాలు పట్టుకొని ఏజెంట్లు షెడ్డు దగ్గరకు వస్తున్నారు. ఇది కలిపితే ఒక్క కోడి కూడా వడదెబ్బకు పోదని భరోసా ఇస్తున్నారు. అందులో నిజమెంత? కొనాలా, మానాలా? గ్రాట్యుటీ డబ్బు ముడిపడి ఉన్న ప్రశ్న గనుక సూటిగానే జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఫారాలు లేనివారు ఇది మనకెందుకు అనుకోవద్దు. 2023-24లో మన దేశంలో సుమారు 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయినాయి. అందులో దాదాపు 18 శాతం ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే. రాష్ట్రాలన్నిటిలో మనదే ప్రథమ స్థానం. 1982లో డాక్టర్ బి.వి.రావుగారి చొరవతో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ప్రకటించే ధరలలో విశాఖపట్నం ధర విడిగా ఉంటుంది. ఎండలు ముదిరి గుడ్లు తగ్గితే రైతుకు నష్టం, మన ఇంటి పద్దుకూ భారం.

ముందుగా కోడి బాధ ఏమిటో తెలుసుకుందాం. కోక్ ఓవెన్ల దగ్గర, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసినవారికి వేడి అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. మీకు చెమట పట్టేది, ఆ చెమట ఆరినప్పుడు ఒళ్ళు చల్లబడేది. కోడికి స్వేద గ్రంథులు లేవు. పైగా ఒంటినిండా ఈకల దుప్పటి. దాని శరీర ఉష్ణోగ్రత మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటుంది. బయట ముప్పై డిగ్రీలు దాటితే నోరు తెరచి రొప్పడం మొదలుపెడుతుంది. నిమిషానికి పాతిక సార్లు ఊపిరి తీసే కోడి అప్పుడు నూట యాభై సార్లకు పైగా తీస్తుంది. గొంతులోని తడి ఆవిరైపోతూ వేడిని బయటకు తీసుకుపోతుంది. దానికున్న ప్రధాన సాధనం అదొక్కటే.

ఇక్కడే మన విశాఖ తీరానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. గాలిలో తేమ ఎక్కువయితే తడి ఆరదు. మే నెలలో ఉతికిన బట్టలు నీడలో ఎంతసేపటికీ ఆరని రోజున కోడి ఎంత రొప్పినా ఫలితముండదు. పౌల్ట్రీవారు వాడే సులువైన లెక్క ఒకటుంది. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రతకు తేమ శాతాన్ని కలపండి. మొత్తం 160 దాటితే జాగ్రత్తపడాలి. 35 డిగ్రీల సెల్సియస్ అంటే 95 ఫారెన్‌హీట్, తేమ 70 శాతం, కలిపితే 165. మనకు ఇది మామూలు వేసవి రోజే. అందుకే లోపలి జిల్లాలలో 40 డిగ్రీలను తట్టుకొన్న కోడి, తీరంలో 36కే చతికిలబడవచ్చు.

రొప్పడం వల్ల ఇంకొక నష్టం ఉంది. ఊపిరితో పాటు బొగ్గుపులుసు వాయువు అతిగా బయటకు పోతుంది. రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. గుడ్డు పెంకు చాలా మటుకు కాల్షియం కార్బనేటే. దాని తయారీకి కావలసిన సరుకు రక్తంలో తగ్గిపోయి పెంకు పలచబడుతుంది, తోలుగుడ్లు వస్తాయి. మేత మీద ఇష్టం పోతుంది. రక్తం చర్మం వైపు మళ్ళడంతో పేగులకు సరఫరా తగ్గి వాటి గోడలు దెబ్బతింటాయి. కణాలలో ప్రాణవాయువు వికటించి హానికరమైన పదార్థాలు పుడతాయి. ఇనుముకు తుప్పు పట్టడం వంటిదే ఇది కూడా.

మూలికల పాత్ర ఈ చివరి రెండు చోట్ల ఉంది. ఉసిరిని తీసుకోండి. విటమిన్ ‘సి’ని మనం తయారు చేసుకోలేము గాని కోడి తన మూత్రపిండాలలో తయారు చేసుకోగలదు. ఎండదెబ్బకు గురయినప్పుడు ఆ తయారీ చాలదు. ఎండిన ఉసిరిలో విటమిన్ కొంత తగ్గినా, తుప్పును ఆపే వగరు పదార్థాలు మిగిలి ఉంటాయి. పసుపులోని కర్కుమిన్‌ది కూడా ఇటువంటి గుణమే. అశ్వగంధను, అంటే మన పెన్నేరుగడ్డను, తులసిని బడలిక తగ్గించేవిగా వాడతారు. వాములోని థైమాల్, అల్లంలోని ఘాటు పదార్థాలు అరుగుదలకు, పేగుల ఆరోగ్యానికి తోడ్పడతాయి. మునగాకు పొడి పోషకం కూడా. గుడ్డు సొనకు మంచి రంగు ఇస్తుంది. చక్కెర బీటుదుంప నుంచి తీసే బీటెయిన్ కణాలలో నీటిని నిలిపి ఉంచుతుంది. పరిశోధనలలో ఉసిరి, పసుపు, పెన్నేరు వంటి పొడులను సాధారణంగా టన్ను దాణాకు 5 నుంచి 10 కిలోల దాకా వాడి చూశారు.

ఫలితాలు ఏమిటంటే, చాలా ప్రయోగాలలో మేలు కనిపించింది. రక్తపరీక్షలలో ఎండ ఒత్తిడి సూచనలు తగ్గాయి. కొన్నింటిలో మేత, బరువు, గుడ్ల సంఖ్య మెరుగయినాయి. మరికొన్నింటిలో తేడా ఏమీ కనబడలేదు. మొక్క ఏ నేలలో పండింది, ఎప్పుడు కోశారు, ఎలా ఎండబెట్టారు అన్నదాన్ని బట్టి దానిలోని సారం మారిపోతుంది. మోతాదు మించితే చేదుకు, వగరుకు మేత తినడం ఇంకా తగ్గవచ్చు. కాబట్టి మూలికలు పనిచేయవనడం తప్పు. ఒక్క కోడి కూడా చావదనడం అంతకన్నా పెద్ద తప్పు.

మూలిక షెడ్డును చల్లబరచదు. లోపల జరిగే నష్టాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. ఒక మిత్రుని కుమారుని ఫారంలో నేను చూసినది చెబుతాను. నీళ్ళలో కలిపే ఖరీదైన మూలికల ద్రావకం వాడుతున్నారు. అయినా మధ్యాహ్నం కోళ్ళు రాలిపోతున్నాయి. నీళ్ళ ట్యాంకు నల్లటి ప్లాస్టిక్‌ది, ఎండలో దిమ్మె మీద ఉంది. రెండు గంటలకు నిపుల్ దగ్గర నీళ్ళు పట్టి చూస్తే చేతికి వేడిగా తగిలాయి. ఆ నీళ్ళను కోడి తాగదు. నీళ్ళే తాగనప్పుడు అందులోని మందు కడుపులోకి ఎలా వెళుతుంది? ట్యాంకు మీద తాటాకు పందిరి వేసి, గోనెలు చుట్టి తడిపి, గొట్టాలను కప్పి, మధ్యాహ్నం రెండుసార్లు పాత నీటిని వదిలేయమన్నాను. చావులు తగ్గుముఖం పట్టాయి. ఖర్చు ఆ ద్రావకం ఒక డబ్బా ధర కూడా కాలేదు.

అందుచేత వరుసక్రమం ఇది. మొదటిది షెడ్డు. పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. కప్పు మీద తెల్ల సున్నం గాని, వరిగడ్డి గాని వేయాలి. రెండవది గాలి. తేమ ఎక్కువగా ఉన్న రోజున ఫ్యాన్లు లేకుండా ఫాగర్లు మాత్రమే నడిపితే షెడ్డు ఆవిరి గది అవుతుంది. మూడవది చల్లని నీరు. మామూలు రోజుల్లో కోడి తిన్న మేతకు రెండింతలు నీరు తాగుతుంది, ఎండల్లో అంతకు మించి కావాలి. నాలుగవది మేత వేళ. తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. కనుక తెల్లవారుజామున, చల్లబడిన తరువాత మేత వేసి, నడి ఎండలో ఆపాలి. అయిదవది వైద్యుని సలహాతో తినేసోడా, పొటాషియం లవణాలు. ఇవన్నీ అయిన తరువాత ఆరవ స్థానంలో మూలికలు. అది కూడా కోళ్ళు తలలు వాల్చిన నాడు కాదు. ఎండలు ముదరడానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి.

ఇక లెక్క. పదివేల లేయర్ కోళ్ళు, ఒక్కొక్కటి రోజుకు 110 గ్రాములు తింటే 1,100 కిలోల దాణా. టన్నుకు 5 కిలోల చొప్పున పసుపు కలిపితే రోజుకు అయిదున్నర కిలోలు. కిలో 150 రూపాయలనుకుంటే 825 రూపాయలు. గుడ్డుకు రైతుకు దక్కేది 5 రూపాయలనుకుంటే అది 165 గుడ్ల ఖరీదు. అంటే వందకు ఒకటిన్నర గుడ్డు పైగా అదనంగా వస్తేనో, అంత మేర చావులు, పగుళ్ళు తగ్గితేనో ఖర్చు గిట్టుతుంది. ధరలు మారవచ్చు, లెక్క పద్ధతి మారదు. ఏజెంటు వచ్చినప్పుడు ఈ లెక్క ఆయన చేతనే వేయించండి.

నమ్మడానికి ముందు పరీక్షించండి. ఉక్కు కర్మాగారంలో కొత్త రకం బొగ్గు వస్తే బూడిద ఎంత, తేమ ఎంత అని చూడకుండా ఓవెన్‌లో పోసేవారా? ఇక్కడా అంతే. ఒకే వయసు కోళ్ళను రెండు సగాలుగా విడదీసి, ఒక సగానికి మూలిక కలిపిన దాణా, రెండవ సగానికి మామూలు దాణా వేయండి. ఎండ, గాలి, నీరు రెండింటికీ సమానంగా ఉండాలి. నాలుగు వారాలపాటు గుడ్లు, పగిలినవి, తోలుగుడ్లు, చావులు, మిగిలిన మేత రోజూ పుస్తకంలో రాయండి. రిజిస్టరు రాయడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు కదా!

సరుకు నాణ్యత మరీ ముఖ్యం. పసుపుకు మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ కలిపే దురాచారం ఉంది. ఆ సీసం కోడి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి మన మనవల కడుపులోకి చేరుతుంది. తేమ తగిలిన పొడులకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. మన సముద్రపు గాలికి ఈ ప్రమాదం ఎక్కువ. పొడి కొనేకన్నా కొమ్ములు, ఎండు ఉసిరి ముక్కలు కొని మర పట్టించుకోవడం మేలు. డబ్బా మందయితే ఏ మూలిక ఎంత ఉన్నదో ముద్రించని దానిని ముట్టుకోవద్దు.

మరి ఇంత జాగ్రత్త చెప్పి, మూలికల వైపు చూడమనడం ఎందుకంటారా? యాంటీబయాటిక్స్ కారణంగా. పెరుగుదల కోసం వాటిని మేతలో కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. మన ప్రభుత్వం 2019లో పశువులకు, కోళ్ళకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ఇతర మందులు లొంగదీయలేని జబ్బుకు ఆసుపత్రిలో చివరి ఆసరాగా ఇచ్చే మందు అది. కోళ్ళ షెడ్డులో దానికి అలవాటుపడిన సూక్ష్మజీవి రేపు మన మంచం దాకా రావచ్చు. అరవై దాటిన మనకు ఈ సంగతి అందరికన్నా ఎక్కువగా పట్టాలి. పేగులను బాగుంచే వాము, వెల్లుల్లి, పసుపు వంటి వాటి మీద పరిశోధకులకు ఆసక్తి పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

పల్లెలో పెరటి కోళ్ళు పెంచుకొనేవారికి ఒక మాట. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో నెలకొల్పిన కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను పెరటి పెంపకానికే రూపొందించింది. మెడ మీద ఈకలు లేని కోళ్ళు ఒంటి వేడిని సులువుగా వదలగలవు. చూపుకు అందంగా లేదని అటువంటి నాటుకోడిని తీసిపారేయకండి. ఎండాకాలంలో చెట్టు నీడ, మట్టి చిప్పలో చల్లని నీరు, మన ముసలమ్మలు వేసే తరిగిన ఉల్లిపాయ, కాసిని మజ్జిగ వాటికి చాలావరకు సరిపోతాయి.

చివరిగా, మీలో ఎవరైనా దాచుకొన్న సొమ్ము కొత్తగా ఈ వ్యాపారంలో పెట్టదలిస్తే ఫిబ్రవరిలో కాదు, మే నెల మూడవ వారంలో మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళి ఆ షెడ్డులో పావుగంట నిలబడి చూడండి. ఆ తరువాతే సంతకం చేయండి. ఇప్పటికే ఫారం ఉన్నవారు మీ షెడ్డు కొలతలు, కోళ్ళ వయసు, దాణా పాళ్ళు కాగితం మీద రాసుకొని వస్తే టీ విరామంలో ఒక్కొక్కరితో కూర్చొని మాట్లాడతాను.