పెకినీజు కుక్క

ఒడిలో ఇముడు పెకినీజు కుక్కను చూచినవారికి మొదట నవ్వు వచ్చును. చప్పిడి ముక్కు, వెడల్పు మొగము, సింహపు జూలు వంటి మెడబొచ్చు, ఊగిసలాడు నడక! చీనా చక్రవర్తుల అంతఃపురములలో పెరిగిన జాతి యిది. 1860లో ఆంగ్ల, ఫ్రెంచి సేనలు నాటి పెకింగు చెంతనున్న వేసవి రాజప్రాసాదమును కొల్లగొట్టినపుడు అచ్చట దొరికిన ఐదు కుక్కలను ఇంగ్లండునకు కొనిపోయిరి. అందొకటి విక్టోరియా రాణికి కానుకయైనది. దానికి పెట్టిన పేరు 'లూటీ'. మన దేశమునుండి ఆంగ్లమున చేరిన మాటయే అది. ఇంత నిజము పలికిన పేరు అరుదు.

రాజసము దీనిని నేటికిని వీడలేదు. పిలిచిన వెంటనే రాదు, ఆలోచించి వచ్చును. మచ్చికైన పిమ్మట మాత్రము మనిషిని విడువదు.

అయితే కొనదలచినవారు ఒక సంగతి ఎరుగవలెను. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. రొప్పుటచేతనే అది ముఖ్యముగా వేడిని వెలికి పంపును. ముక్కు ఇంత పొట్టిదైన జాతికి ఆ రొప్పుటయే కష్టము. దాని గురక విని మనము ముచ్చటపడుదుము. తరచు అది ఊపిరి చాలని అవస్థ. రోహిణీకార్తె మధ్యాహ్నపు టెండలో త్రిప్పినచో ప్రాణమునకే ముప్పు. వేసవిలో తెల్లవారుజామున నడిపింపుడు. పగలు నీడను, చల్లని గచ్చుపై ఉంచుడు. కొనుటకు ముందు పిల్ల ముక్కురంధ్రములు విశాలముగా నున్నవేమో చూడుడు. తల్లిని నాలుగడుగులు నడిపించి దాని ఊపిరి చప్పుడు వినుడు.