ఇంటిలో సముద్రము



సూరతునకు సముద్రము చేరువయే. డుమాస్ తీరమున బిందెలతో నీరు ముంచి తెచ్చి గాజుతొట్టిలో పోసిన చాలునని కొందరి తలంపు. కాని ఖంభాత్ సింధుశాఖయందు ఆటుపోటులు మిక్కిలి ఉద్ధృతములు. అచ్చటి నీరు బురదతో కలగియుండును. కావున క్లోరిను తొలగించిన మంచినీటిలో సముద్రలవణ మిశ్రమమును కరగించుటయే మేలు. వేయి పాళ్లలో సుమారు 35 పాళ్లు లవణముండవలెను.

నీరు నింపిననాడే చేపలను విడుచుట వానిని చంపుటయే. వాని విసర్జనమున పుట్టు అమోనియా విషము. సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. కొలదిగా అమోనియా చేర్చి, ఆ సూక్ష్మజీవులు స్థిరపడువరకు 4 నుండి 6 వారములు వేచియుండవలెను. పిమ్మట ఒకటి రెండు చేపలతో ఆరంభింపవలెను. పెరుగు నైట్రేటును తగ్గించుటకు అప్పుడప్పుడు కొంత నీరు మార్చవలెను.

వేసవిలో నీరు ఆవిరియగును, ఉప్పు మిగిలిపోవును. కావున తగ్గిన మేరకు మంచినీరే పోయవలెను.

కచ్ఛ్ సింధుశాఖలోని పగడములను, సముద్రపు గుఱ్ఱములను పట్టి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము.

ప్రభుత్వోద్యోగికి బదిలీ తప్పదు. తొట్టి ట్రంకుపెట్టెలో సర్దుకొనిపోవు వస్తువు కాదు. ఉత్తరువు వచ్చిననాడు ఆ ప్రాణులను ఎవరికప్పగింపవలెనో ముందే యోచించినవారే దీనికి పూనుకొనదగును. తక్కినవారి పిల్లలకు పాల్ ప్రాంతమున పురపాలక సంస్థ 2014లో తెరచిన జగదీశచంద్ర బోసు మత్స్యప్రదర్శనశాల ఉండనే యున్నది.