పందెం ధరలో దాగిన లెక్క

అమెరికాలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల పందెం ధరలను మైనస్, ప్లస్ గుర్తులతో రాస్తారు. మైనస్ 200 అంటే 100 డాలర్ల లాభానికి 200 ఒడ్డాలి. ప్లస్ 170 అంటే 100 ఒడ్డితే 170 లాభం. మొదటి ధర గిట్టాలంటే ఆ యోధుడికి గెలిచే అవకాశం దాదాపు 67 శాతం ఉండాలి. రెండోవాడికి 37 చాలు. కూడితే 104! నూటికి పైనున్న ఆ నాలుగూ పందెం నడిపేవాడి వాటా.

అంటే ఎవరు గెలుస్తారన్నది సగం ప్రశ్నే. ఆ ధరకు తగ్గ అవకాశం ఉందా అన్నదే అసలు తూకం. ఉదాహరణకు, 2015 నవంబరులో మెల్‌బోర్న్‌లో జరిగిన పోటీలో, అప్పటిదాకా ఓటమెరుగని రోండా రౌజీ వైపే అంతా మొగ్గారు. ప్రత్యర్థి హోలీ హోమ్ మాజీ బాక్సింగ్ ఛాంపియన్, దూరం నుంచి కొట్టడంలో దిట్ట. రెండో రౌండులో హోమ్ ఒక్క తన్నుతో రౌజీ నేలకూలింది. పేరు చూసి ధర కట్టినవాళ్లు హోమ్ శైలిని పట్టించుకోలేదని నా అభిప్రాయం.

పోటీకి కాస్త ముందు ధర ఉన్నట్టుండి మారితే, గాయం కబురు ఎవరికో అంది ఉండొచ్చు. అలాంటి కబుర్లు ముందు తెలిసేది యోధులకే. ఈ పోటీలు నిర్వహించే యూఎఫ్‌సీ సంస్థ, తన పోటీలపై తన యోధులే పందెం కాయడాన్ని 2022 అక్టోబరులో నిషేధించింది. మన తెలుగు రాష్ట్రాల్లోనైతే ఆన్‌లైన్ పందెం ఎవరు కాసినా నేరమే.