గోల్కొండ దుర్గము - రక్షణయు, దర్శనమును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఈ ఊరినుండియు, ఇరుగుపొరుగు గ్రామములనుండియు ఉద్యోగ పరీక్షలకై హైదరాబాదు పోయిన యువకులలో పెక్కండ్రు అశోక్‌నగరునందు ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి కాపురముందురు. తెల్లవారగనే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు చేరి, లోపల చోటు లేకున్న ఆవరణలోనే కూర్చుండి చదువుచుందురు. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు వారిని గోల్కొండను గూర్చి అడిగి చూడుడు. 1518, 1591, 1687 అని సంవత్సరములను తడుముకొనక చెప్పుదురు. "కోట ఎక్కితిరా?" యని అడిగినచో మాత్రము నవ్వి ఊరకుందురు. నారాయణగూడలో బస్సెక్కినచో గంట, గంటన్నరలో చేరదగిన కోట యది! తప్పు ఆ పిల్లలది కాదు. పరీక్షలో కోట పుట్టిన సంవత్సరమడుగుదురు గాని, కోటపైకి నీరెట్లెక్కినదో అడుగరు గదా!

నిజమునకు వారుండు చోటునకును గోల్కొండకును సంబంధము లేకపోలేదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో, 1562లో, హుసేన్‌సాగరము నిర్మితమైనది. ఆ చెరువు అలుగునీరే అశోక్‌నగరు ప్రక్కగా పారి మూసీనదిలో కలియుచున్నది. 2000 సంవత్సరము ఆగస్టు వానలకు అది పొంగి తీరమందలి ఇండ్లను ముంచినది. దానిని కాలువ యనుట మాని నాలా యనుచున్నారు. పిలిచిన పేరునకు తగినట్లే చూచుచున్నారు. నాలుగు వందల సంవత్సరములకు పైబడిన ఈ నీటి యేర్పాటు గోల్కొండ ప్రభువుల నాటిది. కావున గోల్కొండ యనగా కొండమీది కట్టడములు మాత్రమే యని తలంచుట పొరపాటు. ఆ పొరపాటే రక్షణకును అడ్డుగా నున్నది.

కాకతీయులనాడు అది మట్టికోట యని ప్రతీతి. గొల్లకొండయే గోల్కొండ యైనదని పెద్దలు చెప్పుదురు. 1363 ప్రాంతమున ముసునూరి కాపయనాయకుడు దానిని బహమనీ సుల్తానునకు విడిచిపెట్టెను. సుల్తాన్ కులీ దానిని రాజధానిగా చేసికొని రాతిగోడలు లేవనెత్తగా, అతని వంశీయులు పెంపొందించిరి. వెలిగోడకు 87 బురుజులు, 8 దర్వాజాలు కలవని లెక్క. నడుమ నాలుగువందల అడుగుల కొండ, శిఖరమున బాలాహిస్సారు. కొండ నెక్కు దారిలో ధాన్యపు కొట్టు, మసీదు, మహాకాళి గుడి, రామదాసు బందిఖానా యని చూపు చీకటి గది అన్నియు కలవు. వజ్రములకు ఈ కోట లోకప్రసిద్ధము. అయితే గోల్కొండలో వజ్రము పుట్టలేదు, అమ్ముడుపోయినది. పుట్టినది కృష్ణాతీరమందలి కొల్లూరు మొదలగు చోట్ల. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయములో మునిగియున్నది. గని నీటిపాలైనది, వజ్రములు విదేశములపాలైనవి, కోట యొక్కటే మిగిలినది.

కోటను చూడవచ్చువారికి తెలుపని సంగతి యొకటి కలదు. అది తెలుగు సాహిత్యమునకు సంబంధించినది. ఇబ్రహీం కులీ రాజ్యమునకు వచ్చుటకు ముందు 1543 మొదలు ఏడు సంవత్సరములు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున నుండెను. అక్కడ మరగిన తెలుగు రుచి సింహాసనమెక్కినను విడువలేదు. మన కవులు అతనిని మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమును అతనికే అంకితమొసగెను. అతని కొలువువాడైన అమీన్‌ఖాను పొన్నగంటి తెలగనార్యునిచే యయాతి చరిత్రమును కృతినందెను. సంస్కృత సమములను విడిచి అచ్చతెనుగున వ్రాసిన మొదటి కావ్యమది. అచ్చతెనుగు కావ్యమునకు తొలి కృతిపతి మహమ్మదీయుడగుట గుర్తుంచుకొనదగిన విషయము. ఆ ఇబ్రహీమే 1565లో రామరాయలపై కత్తిగట్టిన సుల్తానులలో ఒకడనుటయు నిజమే. చరిత్రలో మంచిని చెప్పి చెడును దాచుట, చెడును చెప్పి మంచిని దాచుట, రెండును దొంగలెక్కలే.

మహమ్మద్ కులీ కాలమునాటి సారంగు తమ్మయకవి గోల్కొండకు కరణము. పగలు ప్రభువుల జమాబందీ చూచుకొనుచు, విప్రనారాయణుని కథను వైజయంతీ విలాసమను పేర కావ్యముగా రచించెను. భక్తుడు వేశ్య వలలో చిక్కుట, తిరిగి స్వామి పాదములు చేరుట అందలి కథ. కోటలో నవాబు నివసించిన గదిని చూపుదురు, అంతఃపురమును చూపుదురు. లెక్కలు వ్రాసిన చేతితోనే కావ్యము వ్రాసిన ఈ కరణము పేరు తెలుపు పలక యొక్కటి పెట్టినచో కోటకు భారమగునా?

కంచెర్ల గోపన్న కథ వేరుగా చెప్పనక్కరలేదు. సర్కారు పైకము గుడికి ఖర్చు పెట్టిన తహసీల్దారు అతడు. కరణముల దృష్టిలో అది తేలని బాకీ. జనుల దృష్టిలో భద్రాచల రాముని కోవెల. అతని కీర్తనలు నేటికిని చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వంటి వేదికలమీద వినబడుచున్నవి. ఆ పాట విన్నవారును, ఆ చెరసాల చూచినవారును వేరువేరు జనులుగా నుండుటయే విచారము.

1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు పత్రిక పెట్టినప్పుడు దానికి గోలకొండ యనియే పేరుంచిరి. తెలంగాణమున కవులు లేరన్నవారికి బదులుగా 354 మంది కవుల పద్యములను కూర్చి 1934లో వెలువరించిన సంపుటము గోలకొండ కవుల సంచిక. అంతకుముందు 1928లోనే నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో ఆంధ్ర బాలికల పాఠశాల వెలసినది. తెలుగు చదువునకు చోటు వెదకుకొనిన ఆ దినములలో పెద్దలు ఆ పాత కోట పేరును పతాకగా ఎత్తుకొనిరి.

ఇక రక్షణ మాట. 1687లో ఔరంగజేబు సైన్యము ఎనిమిది నెలలు ముట్టడించినను ఫిరంగులకు లొంగని కోట, లోపలివాడొకడు రాత్రివేళ చిన్న వాకిలి తీయుటచే లొంగినది. నేడును అంతియే. పెద్ద శత్రువెవడును లేడు. బురుజు పగులులో రావిమొక్క, గోడమీద మేకుతో చెక్కిన పేర్లు, కందకములో పోసిన చెత్త, పాత సున్నపు గోడపై పూసిన సిమెంటు - ఇవి యన్నియు ఆ చిన్న వాకిలి వంటివే. సిమెంటు గట్టిది కదా యనవచ్చును. గట్టిదగుటయే దాని దోషము. రాతిగోడ వానకు తడిసి ఎండకు ఆరుచుండును. డంగుసున్నము ఆ తడిని బయటికి పోనిచ్చును. సిమెంటు లోపలనే బిగబట్టును. బిగబట్టిన తడి రాతినే తినివేయును. ఇది పల్లెలో పాత మిద్దెలకు సిమెంటు మెత్తించిన వారందరు అనుభవమున ఎరిగినదే.

కోటకు అనతిదూరమున నున్న కుతుబ్‌షాహీ సమాధుల యొద్ద ఈ విషయమున మంచి పని జరిగినది. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ, రాష్ట్ర పురావస్తు శాఖయు కలిసి పనికి పూనుకొని, వెనుకటి సిమెంటును తొలగించి సున్నముతోనే గోపురములను బాగుచేయించిరి. పదేండ్లకు పైగా సాగి 2024లో ముగిసిన పని యది. అక్కడి పెద్ద మెట్లబావి గోడ వానలకు కూలిపోగా, దానిని తిరిగి కట్టి, పూడిక తీసి, వాననీరు నిలుచునట్లు చేసిరి. ఆ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. అందలి విశేషము పురస్కారము కాదు. బావిలోనికి నీరు వచ్చుట. ఆ నీరే తోటలకు పెట్టుచున్నారు. రాళ్లు కొట్టువారికి, సున్నము నూరువారికి ఏండ్ల తరబడి కూలి దొరకినది. కట్టడము బ్రదికినచో నలుగురును బ్రదుకుదురనుటకు ఇది చాలును.

కోట మాత్రము కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో నున్నది. సమాధుల తోటవలె ఒక ప్రహరీలో ఇముడునది కాదు. వెలిగోడ లోపల తరతరములుగా కాపురములున్నవి, బజారులున్నవి, మసీదులున్నవి. 1656 ముట్టడి వెనుక చేర్చిన నయాఖిల్లాలో గోల్ఫు మైదానము వెలసినది. 1958 చట్టమునకు 2010లో చేసిన సవరణను బట్టి రక్షిత కట్టడమునకు 100 మీటర్లలోపల క్రొత్త కట్టడము కూడదు. ఆపైన 200 మీటర్లలో అనుమతి కావలెను. చట్టము మంచిదే. అది లేనిచో బురుజుల నానుకొని మేడలు లేచియుండెడివి. కాని కోటలో పుట్టి పెరిగిన సంసారి తన కుమారుని పెండ్లికి ఒక గది వేసికొనుటకు కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చినచో, వానికి కోటపై ప్రేమ ఎట్లు నిలుచును? చూడవచ్చువారి సొమ్ములో వానికేమియు ముట్టదు. కట్టుబాట్ల బరువు మాత్రము వానిది. ఈ లెక్క సరిపడినగాని కోట నిలువదు. వారిని వెళ్లగొట్టుట పరిష్కారము కాదు. మరమ్మతు కూలి, దారి చూపు పని, తినుబండారముల అమ్మకము, ఇంటిలో అతిథిని దించుకొను వీలు - ఇవి మొదట ఆ గోడల లోపలివారికి దక్కవలెను. ఆషాఢమున బోనములు మొదలగునది గోల్కొండ జగదంబ యొద్దనే. ఆనాడు కోట ఎక్కు జనమునకు అది వేడుక చూచుట కాదు, మ్రొక్కు చెల్లించుట. ఆ తేడాను యాత్రావ్యాపారము చేయువారు మరువరాదు.

చూడవచ్చువారు చూచునదేమి? వాకిట చప్పట్లు కొట్టుదురు. కొండకొనయందు వినబడినదని సంతోషింతురు. 300కు పైగా మెట్లెక్కి ఛాయాపటములు తీసికొని దిగుదురు. సాయంకాలమున ధ్వనికాంతుల ప్రదర్శనము 1993 నుండి కలదు. 2024 జనవరిలో దానిని క్రొత్త యంత్రములతో తిరిగి ప్రారంభించిరి. 2014 నుండి రాష్ట్ర స్వాతంత్ర్యదిన పతాక వందనము కోటలోనే జరుపుట మొదలైనది. గౌరవము పెరిగినది, నిజమే. అయినను చార్మినారుతోను సమాధులతోను కలిపి యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో 2010లో చేర్చిన ఈ కోట ఇంకను అసలు జాబితా కెక్కలేదు. రామప్ప గుడి 2021లో ఎక్కినది.

నీటి సంగతి చూడుడు. దుర్గంచెరువు నీరు మట్టి గొట్టములలో కోటకు వచ్చెడిది. కొండ దిగువనుండి మెట్టు మెట్టుకొక తొట్టి. ఎద్దులు త్రిప్పు చక్రములకు కుండలు కట్టి ఒక తొట్టినుండి పై తొట్టికి నీరు తోడి, గోడలలో పొదిగిన గొట్టములద్వారా తోటలకు, స్నానశాలలకు పంచెడివారు. నేడు ఆ చెరువుపై 2020లో వేసిన తీగల వంతెనను చూడ జనము విరగబడుచున్నారు. చెరువు పేరులోనే దుర్గమున్నదని తలచువారెందరు? ఆ చెరువు మొదలు కొండమీది చివరి తొట్టి వరకు నీటి దారిని ఒక దినపు యాత్రగా చూపినచో, అటువంటి విద్య మరియొక చోట దొరకుట దుర్లభము. కోటలోని కటోరాహౌజు కొలనులోనికి మురుగు రాకుండ చేయుట అందుకు మొదటి మెట్టు.

పల్లెలో గెట్టు తగవు వచ్చినచో మొదట నక్షా తీయుదురు, పహాణీ చూతురు, హద్దురాయి వెదకుదురు. కోటకును అట్టి కాగితము ప్రజలయెదుట ఉండవలెను. బురుజు బురుజునకు సంఖ్య, పగులు ఎప్పుడు కనబడినది, ఎవరు మరమ్మతు చేసిరి, ఏ సున్నము వాడిరి, చూడవచ్చినవారి రుసుము ఎంత, అందులో కోటకు తిరిగి వచ్చినదెంత - ఏటేట వానకాలము వెళ్లగనే తెలుగులోను ఉర్దూలోను వ్రాసి గ్రంథాలయములందు పెట్టినచో, చిక్కడపల్లిలో చదువుకొను వేలాది యువకులలో పదిమందియైనను దానిని చదివి ప్రశ్నింతురు. ప్రశ్నించువాడున్న చోట పని నడచును.

ఇది రాజధాని మాట గాని పల్లె మాట కాదని ఎవరైన అనవచ్చును. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను దాని వారసులే పూనుకొని బాగుచేయించిరి. 2022లో గోల్కొండ మెట్లబావులతోపాటు యునెస్కో పురస్కారము దానికిని వచ్చినది. గడీగోడ రాళ్లను ఊడదీసి పునాదులకు వాడుకొనిన ఊళ్లు ఆ యూరిని చూచిరావలెను.

ఈ గ్రంథాలయ సంఘమువారి యెదుట ఒక మనవి కలదు. రజతోత్సవ నిధిలో కొంత తీసి, వానలు వెలసిన పిదప కార్తీకమున ఒక ఆదివారము బడిపిల్లలను గోల్కొండకు పంపవలెను. దారి చూపు భారము అశోక్‌నగరులోని ఈ ఊరి యువకులపై నుంచవలెను. వారు ఒక నెల ముందుగా నగర కేంద్ర గ్రంథాలయములో పుస్తకములు తిరగవేసి, ఒకడు నీటి దారిని, ఒకడు ముట్టడిని, ఒకడు తమ్మయకవిని చెప్పుటకు సిద్ధపడుదురు గాక. బాలాహిస్సారు వాకిట చప్పట్లు చివర కొట్టవచ్చును. మొదట ఫతే దర్వాజా యొద్ద బస్సు దిగి వెలిగోడ వెంట నడువవలెను. సద్దిమూటల ఆకులును, నీళ్ల సీసాలును లెక్కపెట్టి తీసికొనిపోయి, లెక్కపెట్టి తిరిగి తేవలెను.