నఖసంస్కారము - మన చేతి బాధ్యత
(కుల్కచర్లయందు మన సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



క్షౌరమును గూర్చి ప్రసంగించువారు మన సభలలో పెక్కండ్రు గలరు. నేను గోళ్ళను గూర్చి మాత్రమే విన్నవించెదను. ఇది స్వల్పవిషయమని నవ్వువారు నవ్వవచ్చును. ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు తత్త్వ ముపదేశించుచు, మట్టిముద్దను, బంగారమును జెప్పిన పిమ్మట మూడవ దృష్టాంతముగా నహరణినే గ్రహించెను. ఒక్క నహరణి నెఱిగిన ఇనుమంతయు నెఱిగినట్లే యని యాయన తాత్పర్యము. మన పొదిలోని పనిముట్టు ఉపనిషత్తున కెక్కినది! పక్షమునకు మూడుమారులు గోళ్ళు తీయించుకొనవలెనని చరకుడు విధించెను. చిప్పము, కునఖము అను గోటివ్యాధులను సుశ్రుతుడు వర్ణించెను. చిప్పమనగా మన గోరుచుట్టు; కునఖమనగా దెబ్బచే గరుకై నల్లబడిన గోరు. ఈ రెండును మన చేతి నేర్పుచే తప్పవచ్చును, మన యజాగ్రత్తచే రావచ్చును.

ఇపుడు హైదరాబాదున గోళ్ళకొఱకే ప్రత్యేకముగా అంగళ్ళు వెలసినవి. గోటిపై జెల్ అను లేపనము పూసి, దీపకాంతిచే గట్టిపఱచి, కృత్రిమనఖముల నంటింతురు. మన పిల్లలును అందు కొలువునకు బోవుచున్నారు. పదిదినములు ప్రక్కన నిలిచి చూచినవాడు పదునొకండవ దినమున యంత్రపుటాకురాయి చేతబట్టుచున్నాడు. మా బంధువులయింటి వధువొకతె పెండ్లికి ముందట అట్టి యొక అంగడికి బోయినది. పాతపూతను నానబెట్టి కరగింపక చెక్కి తీసిరి. దానితో గోటిపొరలు లేచివచ్చినవి. తలంబ్రాలవేళ పసుపు తగిలి మంటపుట్టి ఆ పిల్ల కన్నీరు పెట్టుకొన్నది. ఆఱు మాసములకుగాని మంచిగోరు రాలేదు. విచారింపబోగా, ఆ పని చేసినవాడు కొలువు మాని వెడలిపోయెనట! ఇక నెవరి నడుగవలెను?

చిక్కంతయు నిచ్చటనే యున్నది. పట్టణమున అంగడి పెట్టుటకు ట్రేడు లైసెన్సు కావలెను. దుకాణముల చట్టము క్రింద నమోదు కావలెను. ఇవి అంగడిని జూచునేగాని చేతిని జూడవు. రుసుము కట్టిన చాలును. పనివానికి పని వచ్చునా యని యడుగువాడు లేడు. నైపుణ్యశిక్షణా పథకములును, వాని యోగ్యతాపత్రములును గలవు. అవి లేకున్నను పని మానుమనువారు లేరు. అమెరికాలో మినసోటా రాష్ట్రము 1897లోనే క్షురకులకు లైసెన్సు చట్టము చేసెను. గోళ్ళపనివారికి లైసెన్సు విధింప కనెక్టికట్ రాష్ట్రము 2019 వఱకు కదలలేదు. లైసెన్సున్నచోటను అంతయు బాగని యనజాలము. న్యూయార్కు గోళ్ళయంగళ్ళలోని కూలీల దుస్థితి 2015లో పత్రికకెక్కిన పిమ్మటనే యచ్చటి ప్రభుత్వము మేల్కొన్నది.

"పంతులుగారూ, లైసెన్సు వచ్చినచో ముందుగా పోవునది పేదవాని కత్తియే" యని కొందఱు పెద్దలు నాతో ననిరి. వారి భయము నిరాధారము కాదు. కంపెనీవాడు ఎంత రుసుమైనను చెల్లించును. పరీక్ష ఆంగ్లమున నుండెనేని నలువదేండ్లు పొది మోసిన ముదుసలి వెలిపడును. కావున లైసెన్సు వలదనుట కాదు, ఎట్టి లైసెన్సు కావలెనో మనమే ముందుగా చెప్పవలెను. పరీక్ష చేతిపనిలో జరుగవలెను, తెలుగున జరుగవలెను, పేదలకు రుసుము లేకుండవలెను. పదేండ్లకు పైబడి పనిచేసినవారిని పరిశుభ్రతను గూర్చి మాత్రమే యడుగవలెను. మన సెలూనులకు నెలకు 250 యూనిట్ల ఉచితవిద్యుత్తును 2021లో ప్రభుత్వముచే నొప్పించినవారము. దీని నడుగుటకు జంకనేల?

ఇక చిట్లు గోళ్ళమాట. తాండూరు నాపరాతి పనివారికిని, పత్తి తీయు స్త్రీలకును, దినమంతయు అంట్లుతోము తల్లులకును ఇది సామాన్యము. గోరు పొరలుపొరలుగా అమరినది. నీటిలో నుబ్బును, ఎండిన ముడుచుకొనును. మాటిమాటికి నిట్లైన పొరలు వీడును. పని ముగిసినంతనే చేతులు తుడిచి గోటిమొదట కొబ్బరినూనె రాయుమనుడు. స్నానానంతరము మెత్తబడినపుడు గోళ్ళు తీయుడు. ఆకురాయి నొకే దిక్కునకు నడపుడు. గోటిమొదటనున్న సన్నని పొరను కోయకుడు. అది క్రిముల నాపు తలుపు. పూత తీయు యాసిటోను తఱచు వాడిన గోరు పెళుసగును. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును గనుక, వారములో బాగుచేసెదమని ఎవరికిని మాటనీయరాదు. చెంచావలె గుంటబడిన గోరు రక్తహీనతకు గుర్తు కావచ్చును. గోటిక్రింద క్రొత్తగా నల్లనిచార పుట్టి వెడల్పగుచుండెనేని, రంగుపూసి కప్పక వెంటనే వైద్యునికడకు బంపుడు.

ఒకని నెత్తురంటిన నహరణిని మఱియొకనికి వాడిన హెపటైటిస్ బి, సి అను కాలేయవ్యాధులు సంక్రమింపవచ్చును. వాసననీళ్ళలో ముంచి తీయుట శుద్ధి కాదు, కంటితుడుపు. సబ్బుతో తోమి, ప్రెషర్ కుక్కరులో ఆవిరి నిండిన పిమ్మట 20 నిమిషము లుంచవలెను. ఉత్తనీటి మరుగు ధనుర్వాతపు బీజములను చంపజాలదు. త్రుప్పు పట్టునందురా? ఆరవెట్టి నూనె రాయుడు.

పోషకమహాశయులకు మనవి. ఏటేట శాలువలు కప్పుచున్నారు. నాకే నాలుగు గలవు. ఈ యేడు ఆ ద్రవ్యముతో గ్రామమునకొక కుక్కరును, అంగడికి రెండుజతల పనిముట్లును ఇప్పింపుడు. మధ్యాహ్నసభలో లైసెన్సును గూర్చిన తీర్మానము రానున్నది. కుల్కచర్ల, పరిగి, వికారాబాదు, తాండూరు ప్రాంతముల సోదరులు తమ అంగళ్ళ కుర్చీలసంఖ్యను భోజనమునకు ముందే కార్యదర్శిగారికడ వ్రాయింప ప్రార్థన.