పసిపిల్లల డైపర్లు – మన కాల్వ, మన పొదుపు



సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు ఆపినప్పుడు అడుగున డైపర్లు కనపడుతున్నయి. అవి ఎవరో వేసినవి కావు, మన ఇండ్లల్ల పిల్లలవే. ఆ కాల్వ నీళ్లే మన పొలాలకు పారుతయి.

‘ఎకో’, ‘వెదురు’ అని రాసినవి కొంటే సరిపోతదని మేమూ అనుకున్నం. కానీ పైపొర వెదురుదైనా, చాలావాటిల లోపల తడి పీల్చే జెల్, వెనక ప్లాస్టిక్ పొర ఉంటయి. కంపోస్టు అయ్యే ప్లాస్టిక్ అంటే ఐఎస్ 17088 ప్రమాణం ఉండాలె. అది ఉన్నా కాల్వల కరగదు, బాగా వేడెక్కే పెద్ద కంపోస్టు యార్డు కావాలె.

అందుకే పగలు పాత నూలుచీర గుడ్డలు, రాత్రికి, ప్రయాణానికి మాత్రమే డైపరు అని మేం అనుకున్నం. ఒక్కటి పది రూపాయలు అనుకుంటే, రోజుకు నాలుగైతే నెలకు 1,200, ఒక్కటైతే 300. మిగిలిన 900 పాప పేరు మీద పొదుపు చేయొచ్చు. అయితే ఒక్క మాట. గుడ్డలు ఉతికే పని బాలింత ఒక్కదాని మీద వేయొద్దు. ఇంట్ల మగవాళ్లు కూడా ఉతకాలె, ఎండల ఆరేయాలె.

వాడిన డైపరుల మలాన్ని లెట్రిన్‌లో వేసి, డైపరును పేపరుల చుట్టి, చెత్త బండికి వేరుగా ఇయ్యాలె. డైపరును చుట్టి ఇయ్యాలని ఘన వ్యర్థాల నియమాలు కూడా చెప్తయి. కాల్చొద్దు, పూడ్చొద్దు.

ఇరవై ఏండ్ల కిందటే తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి పేరు తెచ్చుకున్న ఊరు మన సూర్యాపేట. ఇప్పుడు ఇంటింటికి మూడో సంచి పెడదాం.